మట్టం రావాలి, ఉరవడి రాకూడదు
అనలాగ్ సింథసైజర్‌కు బయటి వోల్టేజిని సురక్షితంగా పంపడం ఎలా?



ఈ పాఠంలో మనం ఒక చిన్న తీగ గురించి మాట్లాడుకుందాం. ఆ తీగకు ఒక చివర మీరు స్వయంగా తయారుచేసిన సర్క్యూట్ ఉంది. రెండో చివర ఒక అనలాగ్ సింథసైజర్ ఉంది. తీగ మోసుకువెళ్ళే వోల్టేజి ఆ వాయిద్యానికి ఏ స్వరం పలకాలో చెబుతుంది. అయితే అదే తీగ, జాగ్రత్త లేకపోతే, ఆ వాయిద్యం ఇక ఎప్పటికీ పలకకుండా కూడా చేయగలదు.

ఈ విషయాన్ని అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్న పాఠకులను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. దానికి కారణం ఉంది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఒక ఐ.సి. కాలిపోతే సాయంత్రానికి ఇంకొకటి కొనుక్కోవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దాని అధికారిక నామం శ్రీ విజయపురం) అదే ఐ.సి. కావాలంటే ప్రధాన భూభాగం నుంచి రావాలి. విశాఖపట్నం, చెన్నై రేవులు ఓడలో సుమారు మూడు రోజుల దూరం. డిగ్లీపూర్‌లోనో కార్ నికోబార్‌లోనో ఉన్నవారికి అక్కడినుంచి ఇంకో ప్రయాణం. పైగా పాత సింథసైజర్లలోని కొన్ని చిప్‌ల తయారీ చాలా ఏళ్ళు ఆగిపోయింది. ఉదాహరణకు సీఈఎం3340 అనే ప్రసిద్ధమైన ఆసిలేటర్ చిప్ తయారీ 2016లో మాత్రమే తిరిగి మొదలైంది. కాబట్టి ఇక్కడ జాగ్రత్త అంటే మంచి అలవాటు మాత్రమే కాదు, వాయిద్యానికి ప్రాణరక్షణ.

వోల్టేజి స్వరంగా ఎలా మారుతుంది?

హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి ఒక రీడ్ మీదుగా పోతుంది. వోల్టేజితో నడిచే సింథసైజర్‌లో మెట్టు నొక్కితే ఒక వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి ఆసిలేటర్ అనే భాగానికి చేరి, సెకనుకు ఎన్ని కంపనాలు చేయాలో నిర్ణయిస్తుంది. దీన్నే నియంత్రణ వోల్టేజి, కంట్రోల్ వోల్టేజి అంటాం. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు, హెర్బర్ట్ డ్యూష్ అనే సంగీతకారునితో కలిసి ఈ పద్ధతిలో పనిచేసే వాయిద్యాన్ని రూపొందించాడు.

మూగ్ పద్ధతిలో లెక్క చాలా తేలిక. ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. మధ్య స్థాయి షడ్జమం 2 వోల్టుల దగ్గర ఉంటే తార స్థాయి షడ్జమం 3 వోల్టుల దగ్గర ఉంటుంది. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు ఉన్నాయి కదా! అంటే ఒక్కో స్వరస్థానానికి వోల్టులో పన్నెండో వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని ఉంది.

మన దేశానికి ఈ విద్య ఆలస్యంగా రాలేదు. 1969లోనే అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను నెలకొల్పాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా దాని మీద పనిచేశారు. 1969 నుంచి 1972 వరకు అక్కడ రికార్డు చేసిన టేపులు సంస్థ భాండాగారంలోనే ఉండిపోయి, 2023లో సంకలనంగా వెలువడ్డాయి. 1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే మూడు యంత్రాల మీద వినిపించాడు. ఇలాంటి యంత్రాలు ఒకదానితో ఒకటి కలిసి నడవాలంటే వాటి మధ్య తీగలు కావాలి. ఆ తీగల్లో ఏ వోల్టేజి పోతోందో మనకు తెలియాలి.

ఒకే ప్లగ్, వేరువేరు భాషలు

ఇక్కడే మొదటి ప్రమాదం ఉంది. ప్లగ్ పట్టింది కాబట్టి కలపవచ్చు అనుకోవడం సహజం. కానీ ప్లగ్ ఆకారం వోల్టేజి గురించి ఏమీ చెప్పదు.

మూగ్ పద్ధతిలో స్థాయికి 1 వోల్టు. బుక్లా కంపెనీ యంత్రాల్లో స్థాయికి 1.2 వోల్టులు, అంటే స్వరస్థానానికి సరిగ్గా 0.1 వోల్టు. 1978లో వచ్చిన కార్గ్ ఎంఎస్-20లో పద్ధతే వేరు. అందులో వోల్టేజి రెట్టింపయితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. 1, 2, 4 వోల్టులు వరుసగా మూడు షడ్జమాలు. ఈ మూడు పద్ధతులను కలగలిపితే సాధారణంగా యంత్రం చెడదు, అపశ్రుతి మాత్రం వస్తుంది.

స్వరం ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతం విషయంలో తేడా ఇంకా పెద్దది. చాలా యంత్రాలు 5 వోల్టులో 10 వోల్టులో వస్తే స్వరం మొదలుపెడతాయి. 1970లో వచ్చిన మినీమూగ్ వంటి పాత మూగ్ యంత్రాలు దానికి వోల్టేజి అడగవు. ఆ తీగను గ్రౌండ్‌కు తాకిస్తే చాలు, స్వరం పలుకుతుంది. అటువంటి చోటికి నేరుగా వోల్టేజి పంపకూడదు. మధ్యలో ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ పెట్టి, మీ 5 వోల్టుల సంకేతాన్ని 10 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా దాని బేస్‌కు ఇవ్వండి. ఎమిటర్‌ను గ్రౌండ్‌కు, కలెక్టర్‌ను ఆ తీగకు కలపండి. అప్పుడు ట్రాన్సిస్టర్ ఒక స్విచ్‌లా తీగను గ్రౌండ్‌కు తాకించి వదులుతుంది. మీ వోల్టేజి లోపలికి పోదు.

ఇంకో ఉదాహరణ చూడండి. టీబీ-303, టీఆర్-808 తాళం కలుపుకోవడానికి వాడే అయిదు కాళ్ళ గుండ్రటి ప్లగ్, 1983లో వచ్చిన మిడి ప్లగ్ చూడడానికి ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం మొదటిది 5 వోల్టుల గడియారపు పల్సులు పంపుతుంది, రెండోది విద్యుత్ప్రవాహం రూపంలో సంఖ్యలు పంపుతుంది.

టైడ్ గేజ్ బావి నేర్పే పాఠం

ఇప్పుడు అసలు సూత్రానికి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి పోర్ట్ బ్లెయిర్‌లోనే చక్కని ఉదాహరణ ఉంది.

సముద్ర మట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ పోర్ట్ బ్లెయిర్‌లో 19వ శతాబ్దం నుంచే ఉంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దాని సునామీ అలలు బంగాళాఖాతం చుట్టూ ఉన్న టైడ్ గేజ్‌లలో, పోర్ట్ బ్లెయిర్‌తో సహా, నమోదయ్యాయి. ఆ పాత గీతలను పరిశీలించి ఆ భూకంప పరిమాణం సుమారు 7.9 అని ఒర్టీజ్, బిల్హమ్ అనే శాస్త్రవేత్తలు 2003లో లెక్కకట్టారు. 120 ఏళ్ళ తరువాత కూడా లెక్కకు పనికివచ్చేంత శుభ్రంగా ఆ గీతలు ఎలా వచ్చాయి?

పాతకాలపు టైడ్ గేజ్‌లో బెండును నేరుగా సముద్రంలో వదలరు. సముద్రంలోకి నిలువుగా ఒక గొట్టపు బావి దింపుతారు. దాని అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. బెండు ఆ బావిలో తేలుతుంది. బయట కెరటం వచ్చి కొడితే, ఆ కొద్ది సెకన్లలో చిన్న రంధ్రం గుండా ఎక్కువ నీరు లోపలికి రాలేదు. అందుకే బెండు ఎగిరిపడదు. ఆటుపోట్ల వంటి మెల్లని మార్పు వచ్చినప్పుడు మాత్రం లోపలి మట్టం బయటి మట్టంతో సమానమవుతుంది. అంటే మట్టం అనే సమాచారం లోపలికి వస్తుంది. కెరటపు ఉరవడి బయటే ఆగిపోతుంది.

మన తీగకూ ఇదే సూత్రం. వోల్టేజి మట్టం వంటిది. విద్యుత్ప్రవాహం నీటి ఉరవడి వంటిది. సింథసైజర్‌కు కావలసింది మట్టం మాత్రమే. చిప్‌ను కాల్చేది ఉరవడి. కాబట్టి దారిలో చిన్న రంధ్రం పెట్టాలి. ఎలక్ట్రానిక్స్‌లో ఆ చిన్న రంధ్రం పేరు నిరోధకం. దాని వెనుక కెపాసిటర్ కూడా పెడితే అది బావి అవుతుంది. మైక్రోకంట్రోలర్ బోర్డు నుంచి వచ్చే వేగవంతమైన పల్సులను నిలకడైన వోల్టేజిగా మార్చడానికి ఆ రెండూ కలిపి వాడతాం.

చిన్న రంధ్రం ఎంత చిన్నది?

మంచి సింథసైజర్ సర్క్యూట్లలో ఈ రంధ్రం రెండు చోట్ల ఉంటుంది. వోల్టేజి పంపే వైపు 1 కిలో ఓమ్ నిరోధకం, అందుకునే వైపు సాధారణంగా 100 కిలో ఓమ్‌ల నిరోధం.

ఓమ్ సూత్రంతో లెక్క చూడండి. పంపే వైపు 10 వోల్టులు ఉండగా ప్లగ్ పెట్టేటప్పుడు దాని మొన పొరపాటున గ్రౌండ్‌కు తగిలిందనుకుందాం. ప్రవాహం 10 వోల్టులను 1000 ఓమ్‌లతో భాగిస్తే 10 మిల్లీఆంపియర్లు. ఏమీ చెడదు. నిరోధకం లేకపోతే? చిప్ ఇవ్వగలిగినంతా ఇస్తుంది, వేడెక్కుతుంది. అలాగే అందుకునే వైపు 10 వోల్టులు 100 కిలో ఓమ్‌ల గుండా వస్తే లోపలికి పోయేది మిల్లీఆంపియర్‌లో పదో వంతే. అందుకే ఇలాంటి ఇన్‌పుట్‌లు మన తప్పులను చాలావరకు ఓర్చుకుంటాయి.

కానీ అన్ని ఇన్‌పుట్‌లూ ఇలా ఉండవు. కొన్ని యంత్రాల్లో తీగ దాదాపు నేరుగా ఒక సీమాస్ చిప్‌కో మైక్రోకంట్రోలర్‌కో చేరుతుంది. ఆ చిప్‌కు 5 వోల్టులో 3.3 వోల్టులో సరఫరా ఉంటుంది. దాని కాలు మీద వోల్టేజి సరఫరా కంటే అర వోల్టు ఎక్కువైనా, గ్రౌండ్ కంటే అర వోల్టు తక్కువైనా ప్రమాదమే. ప్లస్ 12, మైనస్ 12 వోల్టులతో నడిచే యూరోరాక్ మాడ్యూళ్ళ నుంచి వచ్చే ప్లస్ 5, మైనస్ 5 వోల్టుల తరంగాన్ని అటువంటి చోట పెడితే దాని మైనస్ భాగమే చిప్‌కు చేటు చేస్తుంది.

అందుకని మీకు తెలియని ఇన్‌పుట్‌కు ముందు ఒక కాపలా పెట్టండి. తీగలో వరుసగా 10 కిలో ఓమ్‌ల నిరోధకం. దాని తరువాత రెండు షాట్కీ డయోడ్లు. ఒకటి ఆ చిప్ ప్లస్ సరఫరా వైపు తెరుచుకునేలా, ఇంకొకటి గ్రౌండ్ నుంచి తీగ వైపు తెరుచుకునేలా ఉండాలి. వోల్టేజి హద్దు దాటగానే సంబంధిత డయోడ్ తెరుచుకుని అదనపు ప్రవాహాన్ని పక్కదారి పట్టిస్తుంది. 5 వోల్టుల చిప్ ముందు పొరపాటున 24 వోల్టులు వచ్చాయనుకోండి. మిగిలిన సుమారు 19 వోల్టులను 10 కిలో ఓమ్‌లతో భాగిస్తే రెండు మిల్లీఆంపియర్లు కూడా రావు. చిన్న డయోడ్ దాన్ని సులువుగా భరిస్తుంది. డయోడ్ ఒక్కటే పెట్టి నిరోధకం వదిలేస్తే మాత్రం ముందు డయోడ్, ఆ తరువాత చిప్ కాలిపోతాయి. కాపలాదారుడు ఎంత బలవంతుడైనా ముందు ద్వారం ఇరుకుగా ఉండాలి.

ఈ రక్షణకు ఒక ఖరీదు ఉంది. 1 కిలో ఓమ్ నిరోధకం 100 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌తో వరుసగా ఉంటే వోల్టేజిలో సుమారు నూరో వంతు తగ్గుతుంది. వోల్టుకు 10 మిల్లీవోల్టులు. ఒక స్వరస్థానం 83 మిల్లీవోల్టులని ఇందాక అనుకున్నాం. అంటే ప్రతి స్థాయికీ స్వరస్థానంలో ఎనిమిదో వంతు శ్రుతి తగ్గుతుంది. నాలుగు స్థాయిలు పైకి వెళ్ళేసరికి అర స్వరస్థానం! చెవి ఉన్నవారెవరూ దీన్ని భరించరు. 10 కిలో ఓమ్‌లు పెడితే లోపం ఇంకా పెద్దది. పరిష్కారం నిరోధకం తీసేయడం కాదు. ఆ నిరోధకాన్ని పంపే వైపు ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ వలయం లోపల ఉండేలా సర్క్యూట్ కట్టాలి, లేదా ఆ నూరో వంతు లోటును పూరించేలా గెయిన్‌ను ట్రిమ్మర్‌తో సరిచేయాలి. తెరుచుకునే సంకేతం వంటివాటికి ఈ బాధ లేదు. అది వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం.

రెండు యంత్రాలకు సున్నా ఒకటేనా?

5 వోల్టులు అన్నప్పుడు దేనితో పోల్చి 5? గ్రౌండ్‌తో. రెండు యంత్రాల గ్రౌండ్‌లు ఒకటి కాకపోతే ఆ మాటకు అర్థం లేదు. టైడ్ గేజ్‌కు కూడా ఒక స్థిరమైన బెంచ్‌మార్క్ ఉంటేనే కదా మట్టం లెక్కకు వచ్చేది!

దీవుల్లో విద్యుత్తు ప్రధాన భూభాగపు గ్రిడ్ నుంచి రాదు. డీజిల్ జనరేటర్లు, సౌర విద్యుత్ కేంద్రాలు, ఉత్తర అండమాన్‌లోని కల్పోంగ్ జలవిద్యుత్ కేంద్రం వంటివి స్థానికంగా సరఫరా చేస్తాయి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్, దుకాణంలో చిన్న జనరేటర్ నడుస్తాయి. సింథసైజర్ ఒక సరఫరా మీద, లాప్‌టాప్ ఇంకో దాని మీద ఉండడం అరుదేమీ కాదు.

రెండు కాళ్ళ ప్లగ్‌తో వచ్చే అడాప్టర్‌కు పెట్టిన లాప్‌టాప్ లోహపు అంచును తాకితే వేలు జిల్లుమనడం మీలో చాలామందికి అనుభవమే. అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ల వల్ల ఆ లోహం 230 వోల్టుల్లో దాదాపు సగం వోల్టేజి మీద తేలుతూ ఉంటుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి మనిషికి ప్రమాదం లేదు. కానీ ప్లగ్ తగిలిన క్షణంలో అది చిప్ కాలి గుండా దారి వెతుక్కుంటే చిప్‌కు ప్రమాదమే. అందుకే కలిపే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, రెండు యంత్రాల గ్రౌండ్‌ల మధ్య కొలవండి. పదుల వోల్టులు కనిపిస్తే రెండింటినీ ఆపి, గ్రౌండ్‌లు ముందు కలిపి, ఆ తరువాతే ఆన్ చేయండి. కొలిచేటప్పుడు 230 వోల్టులకు దగ్గరగా చూపిస్తే అది కెపాసిటర్ల పని కాకపోవచ్చు. వైరింగ్‌లో లోపం ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ యంత్రాన్ని ముట్టవద్దు.

'హమ్' శబ్దం వస్తోందని మూడు కాళ్ళ ప్లగ్ నుంచి ఎర్త్ కాలు తీసేసేవారు ఉన్నారు. ఇది ఎప్పుడూ చేయకండి. ఆ కాలు వాయిద్యానికి కాదు, మీ ప్రాణానికి కాపలా. హమ్‌కు సరైన మందు రెండు యంత్రాల మధ్య విద్యుత్ సంబంధం లేకుండా సంకేతం పంపడం. మిడి రూపకర్తలు చేసింది అదే. మిడి ఇన్‌పుట్‌లో ఆప్టో-ఐసొలేటర్ ఉంటుంది. సంకేతం అందులో వెలుగుగా మారి, అవతల మళ్ళీ విద్యుత్తుగా మారుతుంది. తెరుచుకునే సంకేతాలకు మీరు కూడా కొద్ది రూపాయల ఆప్టోకప్లర్‌తో ఈ ఏర్పాటు చేసుకోవచ్చు.

ఎప్పుడూ కలపకూడనివి

స్పీకర్‌కు వెళ్ళే ఆంప్లిఫయర్ తీగలను సింథసైజర్ ఇన్‌పుట్‌కు కలపకండి. కొన్ని ఆంప్లిఫయర్లలో రెండు స్పీకర్ తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. దాన్ని గ్రౌండ్‌కు తాకిస్తే ఆంప్లిఫయర్ పోతుంది. మైకుల కోసం మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ సరఫరా ఆన్‌లో ఉండగా ఆ తీగను సింథసైజర్‌కు పెట్టకండి.

ఇక దీవుల వాతావరణం. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, ఉప్పుగాలి. జాక్‌ల మీద పచ్చటి చిలుము పడితే స్పర్శ సరిగా ఉండదు, వోల్టేజి గెంతుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వాడని రోజుల్లో వాయిద్యాన్ని సిలికా జెల్ సంచులతో మూసిన పెట్టెలో ఉంచండి. ఉరుములు వినిపిస్తే అన్ని తీగలూ తీసేయండి. మనం చెప్పుకున్న ఏ డయోడూ పిడుగును ఆపలేదు. అందుకే ఇంటి బయటి సెన్సార్ నుంచి పొడవైన తీగను నేరుగా సింథసైజర్‌కు లాగడం మంచిది కాదు.

మీరు చేయవలసిన ప్రయోగం

ఒక నీళ్ళ తొట్టె, ఒక బెండు, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, నాలుగు పెన్‌టార్చ్ సెల్స్ తీసుకోండి. సెల్స్ వరుసగా కలిపితే 6 వోల్టులు. వాటి రెండు చివరలను పొటెన్షియోమీటర్ పక్క కాళ్ళకు కలపండి. నీటి మట్టంతో పాటు దాని ఇరుసు తిరిగేలా బెండుకు దారం కట్టండి. మధ్య కాలి నుంచి 1 కిలో ఓమ్ నిరోధకం ద్వారా తీగ తీయండి. ఎక్కడ తాకినా ప్రవాహం 6 మిల్లీఆంపియర్లు దాటదు. బ్యాటరీ కాబట్టి ఎర్త్ సమస్య లేదు.

ఇప్పుడు తొందరపడకుండా ఈ క్రమం పాటించండి. సింథసైజర్ మాన్యువల్‌లో ఆ ఇన్‌పుట్ ఎంత వోల్టేజి తీసుకుంటుందో చూడండి. తీగ కలపకముందే, నీటిని పూర్తిగా పెంచి, పూర్తిగా తగ్గించి, తీగ చివర మల్టీమీటర్‌తో కొలవండి. మైనస్ వస్తే సెల్స్ తిరగేయండి. మాన్యువల్‌లోని హద్దు 5 వోల్టులైతే ఒక సెల్ తీసేయండి. వాయిద్యంలో ఆ ఇన్‌పుట్‌కు తగ్గింపు నాబ్ ఉంటే సున్నాకు తిప్పి ఉంచండి. అప్పుడు కలిపి, ఆన్ చేసి, నాబ్‌ను మెల్లగా పెంచండి. తొట్టెలో నీరు పెరిగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

అదే ఏర్పాటు రేవులో ఉందని ఊహించండి. మీటరుకు ఒక వోల్టు చొప్పున, పోటు పెద్దగా ఉన్న రోజున మట్టం రెండు మీటర్లు పెరిగితే ఆరు గంటల పైచిలుకులో శ్రుతి రెండు స్థాయిలు పైకి జారుతుంది. మంద్రంలో మొదలై తారానికి చేరే గమకం. అంత మెల్లని గమకాన్ని ఏ గాయకుడూ పాడలేడు, సముద్రం రోజుకు రెండుసార్లు పాడుతుంది. తొట్టెలో ప్రయోగం సవ్యంగా జరిగాక, సముద్రం పాటను మీ వాయిద్యం దాకా తీగ లేకుండా ఎలా తీసుకురావచ్చో ఆలోచించండి. మల్టీమీటర్‌ను మాత్రం చేతికందే దూరంలోనే ఉంచుకోండి.